నల్లతాడు కట్టిన రాయి

చినామికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. రాత్రి పడుకున్న మనిషి తెల్లారి లేవకపోతే? తను చల్లబడి పడివుంటే, నాలుగేళ్ల కూతురు కొహారు పక్కన కూర్చుని, అమ్మ ఇంకా లేవలేదనుకుని, ఆకలికి ఏడ్చి ఏడ్చి, మళ్లీ తన పక్కలోనే దూరి పడుకుంటే? ఆ తలుపు ఎవరూ తట్టకపోతే?

ఊరికే పుట్టిన భయం కాదది. వాళ్ల మేడమీద ఐదో గదిలో ఉండే మనిషి చైత్రపు పూలప్పుడు పోతే, పంతొమ్మిది రోజులకు గానీ తెలియలేదు. ఆ పంతొమ్మిది రోజులూ చినామి ఆ తలుపు ముందునుంచే పాపను ఎత్తుకుని వెళ్లింది, వచ్చింది. వాసన కూడా ముందు తనకే తగిలింది. ఎవరో చేపలు ఎండబెట్టారనుకుంది.

అప్పటినుంచి తలుపు గొలుసు ఊడదీసి పారేసింది. గడియ కింద పీట వేసింది. అంబులెన్సు కోసం ఫోనులో ఒకటి ఒకటి తొమ్మిది నొక్కడం పాపకు నేర్పింది. నేర్పిన సాయంత్రమే ఆ పిల్ల నిజంగా నొక్కేసి, అవతలివాళ్లకు "మా అమ్మ వంకాయ వేపుతోంది" అని చెప్పింది. రోజూ పడుకునే ముందు రెండు అన్నం ముద్దలు చేసి, మధ్యలో పుల్లటి ఉమే పండు ఊరగాయ పెట్టి, నోరి అనే ఎండు సముద్రపాచి రేకు చుట్టి, పిల్లకు అందే అరలో పెడుతుంది. తెల్లారి తను లేస్తే, అవే డబ్బాలో వేసుకుని పనికి పోతుంది. చచ్చిపోతే పిల్లకు, బతికితే తనకు.

ఆ నవంబరు పొద్దున కూడా ఆ డబ్బా నడుముకు కట్టుకునే, మఠం తోటలో నాచుమీద మోకాళ్లు ఆనించి ఆకులు ఏరుతోంది. పట్నానికి ఉత్తరాన, కొండ అంచున ఉన్న పాత మఠం. నాచుమీద రాత్రి మంచు ఇంకా ఆరలేదు. మోకాళ్లకు కట్టుకున్న గోనెపట్టా తడిసి ఎముక దాకా చలి ఎక్కుతోంది. ఎర్ర ఆకు ఉంచాలి. పసుపుది తీసెయ్యాలి. ముడుచుకున్నది, చిల్లుపడ్డది, ఎండి గోధుమరంగు తిరిగింది, అన్నీ తీసెయ్యాలి. ఎరుపు పలచబడ్డ చోట, వెనక కొండమీద ఏరి తెచ్చిన బుట్టలోంచి తీసి చల్లాలి. మఠం ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఇనుయి పెట్టిన పద్ధతి ఇది. ఎలా చల్లాలో వసారా మీద మేజోళ్లతో నిలబడి తనే చేసి చూపించాడు, చెయ్యి గాల్లో ఎత్తి, పెళ్లిలో అక్షింతలు వేసేవాడిలా.

"సహజంగా కనబడాలి చినామీ," అన్నాడు.

చెట్టు తనంతట తను రాల్చింది తీసెయ్యడం, రాల్చనిది తెచ్చి పొయ్యడం. పదేళ్లుగా ఇదే తోట ఊడ్చింది చినామి. తల్లి మంచాన పడితే బడి మానేసి పదిహేడో ఏట ఇక్కడ చీపురు పట్టింది. రాలినదాన్ని తీసెయ్యడం ఆమెకు తెలుసు. అబద్ధం పరచడం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. ఒక్కో ఆకు పెడుతుంటే చెంప చెళ్లుమనిపించాలన్నంత కోపం వచ్చేది. ఎవరి చెంపో తెలియక, ఆకునే గట్టిగా నొక్కేది.

"అమ్మాయ్, ఏరుతున్నావా, వడ్డిస్తున్నావా?"

వంటింటి వైపు చిన్న తలుపు తోసుకుని ఒగిసో తాత వచ్చాడు. ఆ గడియ ముందే తీసి ఉంచేది చినామే. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, మెళ్లో పాత ఫిల్ము కెమెరా, చంకలో చిరిగిన మెత్త.

"వడ్డిస్తున్నాను తాతగారూ. ఎర్రవి వాళ్లకి, ఎండినవి నాకు."

"నాకూ రెండు ఎండినవి ఉంచు."

నవ్వబోయి దగ్గాడు. వసారాలో మూడో స్తంభం దాకా మెల్లిగా నడిచి, మెత్త వేసుకుని, వీపు ఆనించి కూర్చున్నాడు. నలభై ఒక్క ఏళ్లుగా ఆయన చోటు అది. అప్పట్లో తోటమాలుల పెద్ద ఒకడు ఆయన్ని తోట ఫోటోలు తియ్యడానికి పెట్టుకున్నాడు. ఏడాదికి నాలుగుసార్లు, అవే తేదీలు, అదే స్తంభం, ఒకే ఒక్క ఫోటో. కమీలియా పూలు రాలినప్పుడు ఒకటి, వానల్లో నాచు పొంగినప్పుడు ఒకటి, ఆకు ఎర్రబడ్డప్పుడు ఒకటి, మంచు బరువుకు విరగకుండా దేవదారు కొమ్మలకు తాళ్లు కట్టినప్పుడు ఒకటి. అవి పక్కపక్కన పెట్టుకుని చూసి, ఏ కొమ్మ ఎటు పోతోందో తేల్చుకుని, మాలులు కత్తెర పట్టేవాళ్లు. ఇనుయి వచ్చాక, అవసరం లేదు, ఆకాశంలో ఎగిరే కెమెరా తెప్పించామని చెప్పేశాడు. తాత సరేనని తలాడించి, తేదీ రాగానే మళ్లీ వచ్చాడు.

మిగతావాళ్లు ఫోటో తీసేముందు చినామిని తప్పుకోమనేవాళ్లు. తాత ఒక్కడే ఏనాడూ అనలేదు. కొత్తలో తనే లేచి పక్కకు పోబోతే ఆపాడు. "ఎక్కడికి? పక్కన మనిషి లేకపోతే చెట్టు ఎంత ఎదిగిందో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. అలా ఆయన ఫోటోల్లో చినామి బతుకంతా పడిపోయింది. పదిహేడేళ్లప్పుడు చీపురు తిరగేసి పట్టుకున్న పిల్ల. కమీలియా పూలమధ్య కడుపు ముందుకు పెట్టి, నడుం మీద చెయ్యేసుకున్న చినామి. వానాకాలం ఫోటోలో వీపున కట్టిన కొహారు, గొడుగు అంచు కింద ఇంత పాదం. ఆ పాదం గల పిల్ల తండ్రి ఉత్తరాన చేపల పడవల్లో పనికని పోయి ఫోన్లు మానేశాడు. ఆమె కడుపుతో ఉన్న ఫోటో లోకంలో ఇంకెవరూ తియ్యలేదు.

"పిల్ల ఎలా ఉంది?" అన్నాడు తాత.

"బాగానే ఉంది. నా రాయి ఏదని రోజూ నా ప్రాణం తీస్తోంది."

తోటలో అడుగురాళ్ల దారి చీలే చోట పిడికెడు రాయికి నల్లతాడు నాలుగు వైపులా చుట్టి, పైన పిలకలా ముడి నిలబెట్టి ఉంచుతారు. అడ్డురాయి అంటారు. దాన్ని దాటి అడుగు వెయ్యకూడదని గుర్తు. గోడ అక్కర్లేదు, గొళ్లెం అక్కర్లేదు. ఒకసారి మఠానికి వచ్చినప్పుడు కొహారు దాన్ని చూసి, రాయికి జడ వేశారు, నాకూ కావాలని మొండికేసింది.

తాత జేబులోంచి నిమ్మకాయంత రాయి తీశాడు. "నది ఒడ్డున దొరికింది. ఇవాళ కట్టేస్తా." నానబెట్టిన నల్లతాడు ఇంకో జేబులో ఉంది. ఆయన వేళ్లు నీలంగా ఉన్నాయి.

"మీ మొహం బాగోలేదు. ఈ చలిలో ఇంట్లో ఉండాల్సింది."

"ఇంట్లో ఉంటే నన్నెవరు చూస్తారు? ఇక్కడైతే నువ్వున్నావు."

చినామి ఊఁ అంది. ఆకుల పని సగం కూడా కాలేదు.

ఎనిమిదింటికి ఫోటో క్లబ్బువాళ్లు దిగారు. అరవైమంది. ముందే సొమ్ము కట్టి తోటను రెండు గంటలు తమకే ఇమ్మన్నారు. వసారా అంచున మూడు వరసల స్టాండ్లు లేచాయి. క్లబ్బు నాయకుడు తోలు టోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి. చూస్తుండగానే అడ్డురాయిని బూటు కొసతో పక్కకు నెట్టి, అడుగురాళ్ల మీదనుంచి నాచులోకి దిగి, బోర్లా పడుకున్నాడు.

"అయ్యా, ఆ రాయి దాటకూడదు," అంది చినామి.

"రెండు నిమిషాలమ్మా."

"అంత నాచు పెరగడానికి పదిహేనేళ్లు పట్టింది."

"పెరిగిందిగా, బాగుంది. నువ్వు కాస్త అటు జరుగు, నీ నీలం చొక్కా పడుతోంది."

ఆమె జరిగింది. జరిగినందుకు తనమీదే కోపం వచ్చింది. ఆయన లేచాక, నాచులో మనిషంత గుంట. ఆ గుంటలో మోకాలు పెట్టి, రాయిని తెచ్చి చోటులో నిలబెట్టింది. ఇంకొకడు వచ్చి నెట్టాడు. మళ్లీ నిలబెట్టింది.

అప్పుడు మొదలైంది గొణుగుడు. మూడో స్తంభం దగ్గర ముసలాయన అడ్డమొస్తున్నాడు. ఏ మూలనుంచి తీసినా ఆయన భుజమో, బట్టతలో పడుతోంది. వరస వెనకనుంచి ఎవడో, "ఆ తాతకు కూడా టిక్కెట్టు ఇచ్చారా, తోటతో కలిపి?" అన్నాడు. నవ్వులు.

ఇనుయి చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "చినామీ, ఆయన్ని లేపు. నీ మాటైతే వింటాడు."

"వినడు. మొండి."

"నేను చెబితే బాగోదు, అందరిముందూ."

"నేను చెప్పినా బాగోదు."

ఆ మాట అంటుంటే ఆమె ఒంట్లో వేడి పుట్టింది. సంతోషమే అది. ఏళ్లతరబడి తనను జరుగు, తప్పుకో అన్నవాళ్లందరికీ ఎదురుగా ఒక మనిషి కూర్చున్నాడు, కదలడం లేదు. అంతమంది కసురుతుంటే తల కూడా తిప్పడే! కదలొద్దు తాతా, అనుకుంది. పదిదాకా అలాగే కూర్చో. అరవై ఫోటోల్లోనూ పడు. ఆయన ముందునుంచి మూడుసార్లు చీపురుతో వెళ్లింది. ఒకసారి, ఆయనకు మాత్రమే కనబడేలా కళ్లతో నవ్వింది కూడా.

పది కావస్తుండగా ఎండ కొండ దాటి వసారాలోకి వచ్చింది. ముందు మెత్తమీద, తర్వాత చేతులమీద, తర్వాత మొహంమీద పడింది. ఎండ పడితే తాత కెమెరా కంటికి అరచెయ్యి అడ్డం పెడతాడు. అది ఆయనకు ఊపిరి తీసుకోవడం లాంటిది. ఇవాళ పెట్టలేదు. పైనుంచి ఒక ఆకు తిరిగి తిరిగి వచ్చి ఆయన మణికట్టుమీద వాలింది. ఎండి, ముడుచుకుని, గోధుమరంగుది. దులపలేదు.

చీపురు ఎక్కడ పడేసిందో చినామికి తెలియదు. చెయ్యి పట్టుకుంటే ఏటిరాయిలా ఉంది.

అంబులెన్సులో తెల్ల టోపీలవాళ్లు వచ్చి, చూసి, తొందరపడడం మానేశారు. పోయి గంటన్నర దాటి ఉంటుందన్నారు. గంటన్నర. అరవైమంది, అరవై కెమెరాలు, అదే వైపు, రెప్ప వెయ్యకుండా. తను మూడుసార్లు. ఐదో గదిలో మనిషికి తలుపైనా అడ్డం ఉంది. ఈయనకు అడ్డం ఏముంది? ఇంటికి పోయి వీళ్లు ఫోటోలు తెరుస్తారు. ప్రతి దాంట్లో ఒక మూల చచ్చిపోయిన మనిషి ఉంటాడు. వేలితో రుద్ది తుడిచేస్తారు. ఫోనే తుడిచేస్తుందట ఇప్పుడు, వెనక ఆకులు కూడా అదే పూరిస్తుందట.

మనిషిని మోసుకుని వెళ్లాక, తోలుటోపీ ఆయన ఇనుయి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "పాపం, చాలా బాధాకరం. అయితే మా సమయం ఒక అరగంట పొడిగిస్తారా? ఇప్పుడే వెలుగు బాగుంది."

ఇనుయి అటూ ఇటూ చూశాడు. "ఒక అరగంటైతే," అన్నాడు.

చినామి వెళ్లి వెదురు చీపురు వెతుక్కుంది. పెద్ద మేపుల్ చెట్టు పక్కకు, ఎర్ర ఆకుల మధ్యకు వెళ్లి నిలబడింది. చీపురు నిటారుగా పట్టుకుంది. మొహం స్తంభం వైపు తిప్పింది.

"అమ్మా, కాస్త జరుగు," అన్నారెవరో.

"అమ్మా, నీకే."

"చినామీ," అన్నాడు ఇనుయి. "చినామీ, రేపు మనం మాట్లాడుకోవాల్సి వస్తుంది."

"మాట్లాడుకుందాం," అంది. కదల్లేదు. చెట్టు ఆమె ఎత్తుకు మూడింతలు ఉంది. ఆమె వచ్చిన ఏడాది రెండింతలే. తియ్యవలసినవాడు ఉంటే ఆ లెక్క ఫోటోలో పడేది. ఆ అరగంటా అలాగే నిలబడింది. స్టాండ్లు ఒక్కొక్కటే మడతపడ్డాయి.

మధ్యాహ్నం తాత మేనల్లుడు వచ్చి కెమెరా, మెత్త తీసుకుపోయాడు. కెమెరాలో ఆనాటి ఒక్క ఫోటో ఉందో లేదో ఆమె అడగలేదు. స్తంభం మొదట్లో, పలకల సందులో, ఎవరికీ పనికిరానిది ఒకటి మిగిలింది. నిమ్మకాయంత రాయి. తాడు నాలుగు వైపులా చుట్టి ఉంది, పైన ముడి మాత్రం వదులుగా, ఇంకా బిగించలేదు. చినామి వంటింటి మెట్టుమీద కూర్చుంది. డబ్బాలో అన్నం ముద్దలు ముట్టలేదు. పళ్లతో ఒక కొస పట్టి, వేళ్లతో ఒక కొస లాగి ముడి బిగించింది. ఆయన కట్టేదంత నిటారుగా రాలేదు.

సాయంత్రం పిల్లల బడి దగ్గర కొహారు దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, "జడ వంకరగా ఉంది," అంది.

"నేను వేశాను."

"తాత వెయ్యలేదా?"

"సగం తాత వేశాడు."

ఆ రాత్రి చినామి ముద్దలు చేసి అరలో పెట్టింది. తర్వాత తలుపు తీసి, రాయిని గడప బయట పెట్టింది. తెల్లారి లేవగానే, ఏడు కొట్టకముందే, దాన్ని లోపలికి తీసుకుంది. ఇప్పటికీ రోజూ అంతే. కింద టోఫూ కొట్టు ఆమెకు చెప్పింది, పక్క గది ముసలమ్మకు చెప్పింది, పేపరు వేసేవాడికి చెప్పింది. అందరూ తలాడించారు. తలాడించిన మనుషుల్ని నమ్మడం ఆమె మానేసింది. అందుకే మీకూ చెబుతున్నాను.

మీరెప్పుడైనా ఆ వైపు వెళ్తే, నది దాటాక టోఫూ కొట్టు పక్క సందు, ఇనుపమెట్ల మేడ, పైన ఆరో తలుపు. పొద్దున ఎనిమిది దాటాక కూడా ఆ రాయి బయటే ఉంటే, దాటకూడదని పెట్టారనుకుని మర్యాదగా వెనక్కి తిరిగిపోకండి. దాటండి. తట్టండి, గట్టిగా తట్టండి. గొలుసు లేదు, లోపల పీట ఉంది, పిల్లకు గడియ తియ్యడం వచ్చు. గుర్తుపట్టడం కష్టం కాదు. నిమ్మకాయంత రాయి, చుట్టూ నల్లతాడు, పైన కాస్త వంకరగా నిలబడ్డ ముడి.