నేతి జారీ వంపు

నేను ఒక నేతి జారీని. ఇత్తడి ఒళ్ళు, లోపల కళాయి పూత, ముందుకు సాగిన సన్నని ముక్కు. అజ్జరంలో ఒక కంచరి నన్ను పోతపోశాడు. మిగతా ఒళ్ళంతా గబగబా ముగించినవాడు ముక్కు దగ్గర మాత్రం ఆకురాయి పట్టుకుని పొద్దు గూకేదాకా కూర్చున్నాడు. ధార ఆపగానే బొట్టు వెనక్కి కారకూడదట. "పట్టుపంచె మీద పడితే వడ్డించినోణ్ణి తిట్టరు, చేసినోణ్ణి తిడతారు" అని గొణుక్కుంటూ అరగదీశాడు. అతని పుణ్యమా అని ఈ రోజుకీ నా ముక్కు కారదు.

తణుకు దగ్గర ఒక ఊళ్ళో వరాలమ్మగారు నన్ను కొనుక్కున్నారు. పెళ్ళిబంతిలో నా పని చిన్నదే. ఆకులో అన్నం పడాలి, ముద్దపప్పు పడాలి, అప్పుడు నేను వెళ్ళాలి. నేను వచ్చేదాకా ఎంత పెద్దమనిషైనా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవలసిందే. ఆ కాసేపూ నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

మనుషులు ఒకరికొకరు ఎంత విలువ కడతారో నా వంపు చూస్తే తెలిసిపోతుంది. తాసిల్దారుగారి ఆకు దగ్గర నా ముక్కు నేల చూసేది. దూరపు చుట్టం ఆకు దగ్గర ఆకాశం చూసేది. బంతిలో భేదం చూపించకూడదని అందరూ అంటారు. అన్నవాళ్ళే తమ ఆకు ముందు నన్ను కాస్త ఎక్కువసేపు నిలబెట్టుకుంటారు. నాకు నోరుంటే నవ్వేదాన్ని.

వరాలమ్మగారి అన్నకొడుకు త్రిమూర్తులు నన్ను మొదటిసారి పట్టుకున్నది ఆవిడ పెద్దకూతురి పెళ్ళిలో. అప్పుడే చదువు ముగించాడు, ఉద్యోగం సద్యోగం లేదు. బంతి మొదట్లో ఎంత వంచాడో, చివర కూర్చున్న సన్నాయివాళ్ళ ఆకుల్లోనూ అంతే వంచాడు. తర్వాత హైదరాబాదు వెళ్ళి, ఇళ్ళు కట్టే పెద్ద కంపెనీలో చేరి, మెట్టు మెట్టూ ఎక్కి, మూర్తిగారయ్యాడు. ఆ ఇంట ఏ పెళ్ళైనా మొదటి బంతికి నెయ్యి ఆయనదే. వేలి ఉంగరం నా పిడికి తగిలి టక్కుమనేది. బంతి మొదట్లో పెద్దవాళ్ళకు ధారగా పోసి, నవ్వి, క్షేమాలు అడిగి, సగం దాకా వచ్చేసరికి నన్ను ఎవరి చేతిలోనో పెట్టి మేడ మీదికి వెళ్ళిపోయేవాడు. అక్కడ ఆయనకు వేరే బల్ల, వేరే కంచం. ఆయన తినగా నేను ఒక్కసారీ చూడలేదు.

వరాలమ్మగారి కొడుకు సూరిబాబు కూతురు హారిక పెళ్ళికి ఆయన వచ్చేసరికి వేలికి ఉంగరం లేదు.

ఆ మధ్యాహ్నం నేను వంటల పందిట్లో గట్టు మీద ఉన్నాను. పక్కనే నెయ్యి కాగుతోంది. త్రిమూర్తులు, ఆయన భార్య కుసుమ వచ్చి వంటవాళ్ళకు వినపడనంత దూరంలో నిలబడ్డారు. నన్ను ఎవరు లెక్కచేస్తారు?

"ఎవరైనా అడిగితే సొంతంగా కన్సల్టెన్సీ పెట్టానని చెప్తాను. నువ్వూ అదే అను" అన్నాడాయన.

"ఏడాదిగా అంటూనే ఉన్నానండి. వాచ్‌మన్‌కీ అదే చెప్పాను, పాలబ్బాయికీ అదే చెప్పాను. మీవాళ్ళ దగ్గర కూడా అదే అబద్ధం ఆడితే నేనిక మీతో రాను. ఇక్కణ్ణుంచే బస్సెక్కి మా అక్క దగ్గరికెళ్ళిపోతాను."

"కోపంగా ఉన్నావు."

"కోపం కాదు. ఉద్యోగం పోయిన మనిషితో ఉండగలనండి. లేని మనిషితో ఎలా ఉండను?"

"ఉద్యోగం లేదంటే వీళ్ళ కళ్ళలో నేనుండను, కుసుమా!"

"మీ కళ్ళలో మీరున్నారా?" అని ఆవిడ చేతిసంచి భుజానికి తగిలించుకుని భోజనాల వైపు వెళ్ళిపోయింది. బట్టలన్నీ ఆ సంచిలోనే ఉన్నాయి. బస్సెక్కాలంటే మళ్ళీ ఇంట్లోకి రానక్కరలేదు. ఆ సంగతి ఆయనా చూశాడు.

అప్పుడే సూరిబాబు వచ్చి నన్ను అందుకున్నాడు. బావగారి మొహం చూడలేక నా మొహం చూస్తూ మాట్లాడాడు. "బావా, నువ్వు ప్రయాణం చేసి అలిసిపోయుంటావు. ఈసారి నెయ్యి మా బావమరిది ప్రకాశం వేస్తాడులే." ప్రకాశానికి రొయ్యల చెరువులున్నాయి. అతను వచ్చిన కారు ఇంకా వాకిట్లో మెరుస్తూనే ఉంది.

"అలాగే, మంచిదే" అని త్రిమూర్తులు వెనక్కి జరిగాడు.

ఇంతలో వరాలమ్మగారు వచ్చి కొడుకు చేతిలోంచి నన్ను లాక్కున్నారు. నెయ్యి పోయించి, మేనల్లుడి చేతిలో పెట్టారు.

"అది కాదమ్మా, బావకి ఇప్పుడు..." సూరిబాబు నీళ్ళు నమిలాడు.

"తెలుసు" అన్నారావిడ.

త్రిమూర్తులు మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆయన ఏడాదిగా దాచిన కబురు ఆయనకంటే ముందే ఊరు చేరింది.

"ఇది ఉద్యోగానికిచ్చింది కాదురా. మా పెద్దదాని పెళ్ళికి నీకే ఉద్యోగం ఉందని ఇచ్చానూ? అన్నాలు చల్లారిపోతన్నాయి, నడు."

నడిచాడు. అత్తకు తెలిసింది సరే, మగపెళ్ళివారికి తెలియదు కదా. బల్లల వరుస ఆ చివర కుసుమ కూర్చుంది. పక్క కుర్చీలో సంచి పెట్టుకుంది. అంత దూరం నుంచి ఇక్కడి మాటలు ఆవిడకు వినపడవు. అబద్ధం చెప్పినా అప్పటికప్పుడు తెలియదు. ఈ లెక్క ఆయన వేసుకున్నాడని నా పిడికి తెలుసు. చెమటకు చెయ్యి జారుతోంది.

మొదటి ఆకు పెళ్ళికొడుకు మేనమామ గంగాధరంగారిది. రైసుమిల్లు ఆసామి, నిండైన గొంతు. నేను వంగబోయేసరికి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి తలెత్తారు.

"మూర్తిగారు కదండీ! హైదరాబాదులో అంత పెద్ద కంపెనీ నడిపేవారు. ఇప్పుడేం చేస్తన్నారండి?"

అటు నలుగురు, ఇటు నలుగురు ఇటే చూశారు. సూరిబాబు పప్పు గిన్నె దగ్గర ఆగిపోయాడు. నేను గాలిలో వంగీ వంగకుండా ఉన్నాను. కాగిన నెయ్యి ముక్కు చివరిదాకా వచ్చి నిలిచింది. నేను ఇంకొంచెం వంగితే పెద్దమనిషి వేళ్ళు కాలతాయి. "సొంతంగా..." అంది త్రిమూర్తులు గొంతు. ఆ మాట దాకా వచ్చి ఆగింది. ఆయన చూపు వరుస చివరికి వెళ్ళింది. కుసుమ ఇటు చూడటం లేదు, ఆకు వంక చూస్తోంది.

"ఏమీ చెయ్యట్లేదండి" అన్నాడాయన. "ఉద్యోగం పోయింది. కంపెనీవాళ్ళు తీసేశారు. ఉన్న ఫ్లాటు కూడా అమ్మేసుకున్నాం. చెయ్యి తియ్యండి, నెయ్యి బాగా కాగింది."

పందిరి కూలిపోతుందనే నేనూ అనుకున్నాను. గంగాధరంగారు "అయ్యయ్యో" అన్నారు, నిజంగానే అన్నారు. చెయ్యి తీశారు. నెయ్యి పడ్డాక పప్పన్నం కలుపుతూ, "ఆ ఆవకాయ మీద కూడా ఓ చుక్క ఎయ్యండి" అన్నారు. పక్కాయన మాత్రం తన పక్కాయనతో "అందుకే బస్సులో దిగారు" అని గుసగుసలాడాడు. అది త్రిమూర్తులు చెవిన పడింది. అయినా ఆ గుసగుసల ఆకులోనూ నా వంపు తగ్గలేదు.

ఆ తర్వాత ఏ ఆకులోనూ తగ్గలేదు, పెరగలేదు. ప్రకాశం ఆకులో ఎంతో, కార్ల డ్రైవర్ల ఆకుల్లోనూ అంతే. సగం దాకా వచ్చేసరికి ఎవరో చెయ్యి చాపారు. "ఇటివ్వండి, మీరు మేడ మీదికెళ్ళండి" అన్నారు.

"చివరిదాకా నేనే వేస్తాను" అన్నాడు. ఆ పిడికిలిలో చెమట అప్పటికి ఆరింది. వయసులో ఉన్నప్పుడు నన్ను పట్టుకున్న చెయ్యి అదేనని అప్పుడు ఆనవాలు పట్టాను. నాకు ఏడుపొచ్చినంత సంతోషమేసింది.

సన్నాయివాళ్ళు దాటాక కుసుమ ఆకు. ఆవిడ తలెత్తలేదు.

"అడిగారా?"

"అడిగారు."

"ఏం చెప్పారు?"

"ఉద్యోగం పోయిందని చెప్పాను. ఫ్లాటు అమ్మిన సంగతి కూడా చెప్పాను."

కుసుమ అప్పుడు తలెత్తి ఆయన మొహం చాలాసేపు చూసింది. చేతిలో వేడిగా నేనున్నాను, పక్కన అన్నం బుట్టతో మనిషి నిలబడ్డాడు, అయినా ఇద్దరూ కదల్లేదు. చివరికి ఆవిడ పక్క కుర్చీలో సంచి తీసి కింద పెట్టింది. ఆ కుర్చీ ముందు ఆకు వేసే ఉంది. నీళ్ళు చల్లి తుడిచి కూడా ఉంది.

"కూర్చోండి" అంది.

ఆయన కూర్చున్నాడు. ఆకులో అన్నం, ముద్దపప్పు పడ్డాయి. వరాలమ్మగారు ఎప్పుడొచ్చారో, నన్ను అందుకుని మేనల్లుడి ఆకు మీద వంచారు. ఎన్నో ఏళ్ళుగా వంచిన మనిషి కదా, ఆయన కళ్ళు నా ముక్కు మీదే ఉన్నాయి. జాలికి ఒక చుక్క ఎక్కువ పోయలేదు. ఉద్యోగం లేదని ఒక చుక్క తగ్గించలేదు. గంగాధరంగారికి ఎంతో ఆయనకూ అంతే. త్రిమూర్తులు కళ్ళు తుడుచుకుని ముద్ద కలిపాడు. ఆయన తినగా నేను చూడటం అదే మొదలు. ఆకలి మీదున్న మనిషిలా తిన్నాడు.

తర్వాత ఆయనకు ఉద్యోగం దొరికిందో లేదో నాకు తెలియదు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు క్యాటరింగ్‌వాళ్ళు స్టీలు జారీలు తెచ్చుకుంటున్నారు, నేను అటక మీద ఉంటున్నాను. అక్కడికి అలాంటి కబుర్లు రావు. మొన్న పాత ఇత్తడి కొనేవాడు వచ్చి నన్ను దింపించాడు. చేత్తో ఎత్తి చూసి, కళాయి పోయింది, ఒళ్ళంతా సొట్టలు, పనికి రాదు, తూకానికైతే తీసుకుంటానన్నాడు. వరాలమ్మగారు ఇవ్వనన్నారు. ఇచ్చినా నాకు బెంగ లేదు. తూకం వేసేవాడికి తెలియదు కానీ, ఒక పెళ్ళిలో ఒక మనిషి చేతిలో నేను చివరి ఆకు దాకా ఒకే వంపుతో వెళ్ళాను.