గుమ్మంలో ఇరుక్కున్న ఫ్రిజ్

పడవ నడిపే రయీస్, అంటే సరంగు, జాబిర్ మేనల్లుడు వంటవాళ్ళు కట్టుకునే తెల్ల ఏప్రన్ కుట్టించుకున్నాడని, టైలరు దగ్గర కళ్ళారా చూశానని పక్కింటి ఉమ్మ్ రిదా వచ్చి నజాత్ చెవిన వేసింది. నజాత్ ఆ మాటకు నాలుగు మాటలు కలిపి, మొగుడు ఖలఫ్‌కు ఉడికిన చిక్కుళ్ళతో పాటు వడ్డించింది. అతను కంచం పక్కకు జరిపాడు.

పెళ్ళయిన నాటినుంచీ అతను రయీస్ పడవలోనే వంటవాడు. వంటగదిలో గోడకు బిగించిన పాత ఫ్రిజ్ ఈమధ్యే చచ్చింది. కొలత చూసి కొత్తది తెచ్చే పని ఖలఫ్ నెత్తిన పెట్టి, "ఇది తిన్నగా కూర్చుంటే నువ్వు ఉంటావు. లేదంటే మా అక్క కొడుకున్నాడు" అని రయీస్ నలుగురిలో అనేశాడు.

ఖలఫ్ వంటగది గుమ్మాన్ని తాడుతో కొలిచాడు, నమ్మకం చాలక జానలతోనూ కొలిచాడు. కానీ అప్పుడు పడవ ఒడ్డున, రంగుల కోసం, ఎండకు ఆరుతోంది. నీళ్ళలోకి దించాక చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది, గుమ్మాలు బిగుసుకుంటాయి. ఎర్ర సముద్రం ఒడ్డున హుర్గదా రేవులో పుట్టి పెరిగిన వాడికి ఇది ఒకరు చెప్పాలా? ఉన్న పని ఊడుతుందేమోనన్న బెంగలో ఆ సంగతే మరిచాడు.

తెల్లారితే సముద్రంలో మునకలేసే విదేశీయులు పడవెక్కుతారు. పాతదాన్ని ముక్కలుగా విప్పి బయటికి చేర్చారు. కొత్తదాన్ని ఖలఫ్ లోపలినుంచి లాగుతుంటే రయీస్, అతని మేనల్లుడు హైసమ్ బయటినుంచి నెట్టారు. అది సగం వచ్చి గుమ్మంలో బిగిసింది. వంటగదికి అదొక్కటే దారి. ఉన్న గుండ్రటి కిటికీలో తల పడుతుంది, భుజాలు పట్టవు.

"ఎవరి జానతో కొలిచావు బాబాయ్? మీ చంటాడిదా?" అన్నాడు హైసమ్.

"నోరు మూసుకుని నెట్టరా" అన్నాడు రయీస్.

అంతలో పక్కనుంచి పెద్ద స్టీమరు పోయింది. అలకు పడవ ఒరిగింది. ఫ్రిజ్ ఒక మూలకు కుంగి, గుమ్మం వారగా వచ్చే గ్యాస్ గొట్టాన్ని తెంపేసింది. బుస్సుమంది. వెనకే వాసన. తెగిన కొస ఫ్రిజ్ కింద ఉంది. ఖలఫ్ చెయ్యి అందలేదు.

గ్యాస్ పైకి పోయేది కాదు, పాములా కిందికి దిగి పడవ అడుగున చేరేది. అక్కడ నీళ్ళు తోడే పంపు ఉంది. కొత్తగా దించిన పడవలోకి కొన్నాళ్ళు నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. నీళ్ళు పెరిగితే పంపు తనంతట తానే తిరుగుతుంది. అది తిరిగేటప్పుడు ఒక్క నిప్పురవ్వ రాలితే చాలు. కాళ్ళ కింద నీళ్ళు గలగలమనడం ఖలఫ్‌కు వినబడుతోంది.

కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "సిలిండరు కట్టెయ్యండి. ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు."

ఫ్రిజ్ వదిలితే అది లోపలి మనిషి మీద పడుతుంది. రయీస్ దాన్ని రెండు చేతులా బయటికి లాగిపట్టుకుని, "హైసమ్, పరిగెత్తు" అన్నాడు.

హైసమ్ పడవ వెనక భాగానికి ఉరికాడు. అక్కడ మునకలేసేవాళ్ళ గాలి సిలిండర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

"మామయ్యా, ఇన్నున్నాయి. ఏది కట్టాలి?"

"అవి గాలివిరా గాడిదా. వంటది నిచ్చెన కింద పెట్టెలో."

"పెట్టెకు తాళముంది."

"కొక్కెం అది. పైకెత్తు" అన్నాడు ఖలఫ్. కళ్ళు మండుతున్నాయి, నాలుక తడబడుతోంది.

"ఎటు తిప్పాలి బాబాయ్?"

"కుడికి. నీ కుడికి."

బుస ఆగింది. పంపు ఇంకా తిరగలేదు.

ఉత్తరపు గాలి పడవంతా దులిపి వాసన పోయాక, తాడు కట్టి ఫ్రిజ్‌ను బయటికి ఈడ్చారు. ఒక పక్క రేకు చీరుకుపోయింది. ఖలఫ్ పాకుతూ వచ్చి డెక్కు మీద కూలబడ్డాడు. రయీస్ నీళ్ళిచ్చాడు, తాగేదాకా ఆగాడు.

"కొలత తప్పావు ఖలఫ్. నలుగురిలో అన్న మాట నేను వెనక్కి తీసుకోలేను. రేపటినుంచి వీడు వండుతాడు."

ఖలఫ్ మూతి తుడుచుకున్నాడు.

"వండనీ రయీస్. వాడు పొయ్యి వెలిగించేటప్పుడు నువ్వు లోపల కూర్చో."