తిమ్మక్క అరికాళ్ళు

తిమ్మక్క కూర్చొని అన్నం తినగా ఆ యింట్లో ఎవరూ చూసి రెండేళ్ళయింది. పళ్ళెం చేత్తో పట్టుకొని పడసాలలో అటూ ఇటూ తిరుగుతూనే నాలుగు ముద్దలు మింగేది. కూర్చుంటే అరికాళ్ళు మండేవి. మిరపకాయలు నూరి పట్టించినట్టు మొదలై, కాసేపటికి వేళ్ళ సందుల్లో చీమలు పాకినట్టుండేది. నడుస్తుంటే కొంత నయం. పట్టుపురుగులకు ఆకు వేస్తూ మధ్యలో వదిలేసి పోయి, మడిలో నీళ్ళలో నిలబడేది. అక్కడా నిలవలేక మళ్ళీ వచ్చేది.

"రవ్వంతసేపు కూసోక్కా. నిన్ను జూస్తాంటే నాకు తల తిరుగుతాండాది" అనేది తోటికోడలు అక్కయమ్మ.

"నా కాళ్ళు నీకిస్తా, నువ్వు కూసో."

ఇద్దరి మధ్యా అంతకు మించి మాటలు లేవు. తిమ్మక్క మొగుడు వెంకటరమణప్ప ఆముదం పూయించాడు, గోరింటాకు పెట్టించాడు. చింతామణి వైద్యుడు వేడన్నాడు, బాగేపల్లి వైద్యుడు వాతమన్నాడు. చివరికి ఆమె నంది ఊళ్ళోని భోగనందీశ్వరుడికి మొక్కుకుంది. మంట పోతే గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తానంది.

1961 ఎండాకాలం మొదట్లో మంట పోయింది. ముందు వేళ్ళు చల్లబడ్డాయి, తర్వాత మడమలు. ఒకరోజు తిమ్మక్క పీట వేసుకొని కూర్చొని తినింది. వెంకటరమణప్ప అది చూసి, ఆ పూట ఇంకో ముద్ద అడిగి పెట్టించుకున్నాడు.

మొక్కు తీర్చడానికి తిమ్మక్క, మొగుడు, అక్కయమ్మ ముగ్గురూ పేరేసంద్రలో బస్సెక్కి నంది చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. గుడి ఆవరణలో బండలు పెనంలా కాగుతున్నాయి. జనం ఒక నీడ నుంచి ఇంకో నీడకు పరుగెత్తుతున్నారు. తిమ్మక్క మాత్రం చేతులు జోడించి ఎండలో నింపాదిగా తిరిగింది.

"సామి తోడుండాడు ఆయమ్మకి. చూడండి ఎట్ల నడుస్తాందో" అంది మెట్ల మీద కూర్చున్న ముసలామె. ఆ మాట విని తిమ్మక్క నడక ఇంకా నెమ్మది చేసింది. ఎన్నాళ్ళకో ఆమెకు ఏ తొందరా లేదు.

వెంట నడవబోయిన అక్కయమ్మ కాళ్ళు కాలి స్తంభం నీడకు పారిపోయింది. అక్కడి నుంచి చూస్తే, తిమ్మక్క అడుగు పెట్టిన చోటల్లా బండ మీద తడి. నీళ్ళు తొక్కిందేమో అనుకొని వంగి చూసింది. తడి జిగటగా, ఎర్రగా ఉంది.

"అక్కా, నిలబడు. కాలెత్తు."

"ఇంకో సుట్టు ఉండాది."

"నిలబడంటిని గదా."

తిమ్మక్క స్తంభం పట్టుకొని కాలెత్తింది. అరికాలు బొబ్బలెక్కి, పగిలి, తోలు వేలాడుతోంది. అది వేరెవరి కాలో అన్నట్టు చూసింది.

"నొప్పి లేదా?"

"లేదు. ఏమీ లేదు."

ఆ మాట అన్నాకే ఆమెకు భయం వేసింది.

చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో డాక్టరు ఆమెను కళ్ళు మూసుకోమని, కాలి వేళ్ళ నుంచి పైకి సూదితో గుచ్చుతూ వచ్చాడు. చీలమండ దాటేదాకా ఆమె కదల్లేదు.

"ఒంట్లో చక్కెర ఎక్కువుండాదమ్మా. కాళ్ళకు నెత్తురు సరిగ్గా పారక నరాలు చచ్చుబడినాయి. మంట తగ్గలేదు, మంట తెలిసేది పోయింది."

"మళ్ళా మంట వచ్చేదానికి మందుండాదా సామీ?"

లేదన్నాడు డాక్టరు.

కదలకూడదని పడుకోబెట్టారు. కాళ్ళు ఊరుకున్నాయి గానీ చేతులు ఊరుకోలేదు. దుప్పటి అంచు పోగులన్నీ లాగేసింది. పుండు మానేసరికి వానాకాలం వచ్చింది. ఎడమ కాలి చిటికెన వేలు పోయింది.

ఇంటికి వచ్చాక చెప్పుల గొడవ. ఉత్త కాళ్ళతో అడుగు పెట్టొద్దన్నాడు డాక్టరు. నట్టింట్లో, అందులోనూ మడిగా ఉంచే పట్టుపురుగుల గదిలో చెప్పులేమిటని చుట్టాలు నొసలు చిట్లించారు. అక్కయమ్మ ఎవరినీ అడగలేదు. పాత బొంత మడతలు పెట్టి గుడ్డజోళ్ళు కుట్టింది, ఇంటికొక జత, పురుగుల గదికొక జత. తిమ్మక్కకు ఒళ్ళు వంగదు. అందుకని పొద్దున్నే ఆమె అరికాళ్ళు తిప్పి చూసేదీ అక్కయమ్మే.

"నీ కాళ్ళు పట్టుకుంటాండానని ఊర్లో చెప్పొద్దక్కా" అనేది నవ్వి.

ఒకసారి అక్కయమ్మ శిడ్లఘట్టకు, పుట్టింటికి పోయింది. ఆ పొద్దున తిమ్మక్క గడప దగ్గర తచ్చాడి, తచ్చాడి, మొగుణ్ణి పిలిచింది.

"కాళ్ళు చూడాల."

"నేనా?" వెంకటరమణప్ప వీధి వైపు చూశాడు. "ఎవరన్నా వస్తే?"

"వస్తే రానీ. ఆకెయ్యాల, పొద్దెక్కతాండాది. చూస్తారా, లేదా?"

అతను తలుపు గడియ పెట్టి వచ్చి, నేల మీద కూర్చొని ఆమె కాలు తన తొడ మీద పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో పండగలకు ఆమే అతని కాళ్ళకు మొక్కేది. గుడ్డజోడు దాటి దిగిన తుమ్మముల్లు మడమలో విరిగి ఉంది. పిన్నుతో దాన్ని పైకి తెచ్చాడు. ఆమె కాలు కదల్లేదు.

"ఎప్పుడు గుచ్చుకునిందో నీకు తెలీదా?"

"తెలిస్తే మిమ్మల్నెందుకు పిలుస్తా. కానీండి, బిరీన."

రెండో కాలు తనే ఎత్తి అతని తొడ మీద పెట్టింది. అతను తొందరపడలేదు. వేళ్ళ సందులు ఒక్కొక్కటే విడదీసి, కిటికీ వెలుతురుకు తిప్పి చూశాడు.