కెమెరా పట్టుకున్న పిల్ల

పునుగుల నూనె కాగేలోపే ఆ సినిమాలో పిల్లలకి శక్తులు వచ్చేశాయి. "వచ్చేశాయ్, వచ్చేశాయ్!" అని హాల్లోంచి గంగాధర్ కేకపెట్టాడు. సూర్యకుమారి చిల్లుల గరిటతోనే గుమ్మం దాకా వెళ్లి మొగుడి భుజం మీదుగా తొంగిచూసింది. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల బాబాయి కూతురు. దేన్ని ముట్టుకుంటే అది బరువు పోయి గాల్లోకి లేస్తోంది. జరిగిందంతా వాళ్లే వీడియో తీసుకున్నట్టూ, ఆ వీడియో తర్వాతెప్పుడో ఎవరికో దొరికినట్టూ నడిచే సినిమా. తెరంతా ఊగిపోతోంది. "నూనె మాడుతోందేమో చూడమ్మాయ్," అంది అత్తగారు కోటేశ్వరి, సోఫాలోంచి కదలకుండా. ఆవిడ ఎక్కడ కూర్చున్నా ముక్కు మాత్రం వంటింట్లోనే ఉంటుంది.

అలా ముక్కలు ముక్కలుగా చూసింది సూర్యకుమారి ఆ సినిమాని. మొదటి వాయికి ఒక ముక్క, చట్నీ పోపుకి ఇంకో ముక్క. మధ్యలో "ఇక్కడేం లేదు, ముందుకి తోసెయ్ గీతూ," అని గంగాధర్ కూతురితో అనడం వినబడింది. ఆఖరి వాయి పళ్లెంలో వేసుకుని తను కూర్చోబోయేసరికి తెరమీద పేర్లు పడుతున్నాయి.

ఇక చర్చ మొదలైంది. అన్నదమ్ముల్లో చిన్నవాడు కోపమొచ్చి వంతెన పెకలించి ఊరిమీదికి విసిరాడట. "అందరూ చులకన చేస్తే ఏం చేస్తాడు మరి? లోపల ఎంత బాధ దాచుకున్నాడో," అన్నాడు గంగాధర్. కళ్లు తుడుచుకున్నాడు కూడా. "దిష్టిరా అది. మొదట్లోనే ఇంత ఉప్పు తీసి పడేస్తే సరిపోయేది," అంది కోటేశ్వరి. పద్నాలుగేళ్ల గీతాంజలి లెక్కలో తప్పంతా పెద్దవాడిదే. ఈ పరాయి దేశపు స్కూల్లో అబ్బిన ఇంగ్లీషులో అంది: "హీ నెవర్ లిసన్ టు హిజ్ బ్రదర్ లా." ముగ్గురూ కలిసి ఆ కుర్రాడి మనసుని అరటిపండు ఒలిచినట్టు ఒలిచారు. పునుగులు తింటూ ఎదుటివాడి బాధ అర్థం చేసుకోవడం సులువే.

"మరి ఆ అమ్మాయి ఏమైంది?" అనడిగింది సూర్యకుమారి.

"ఏ అమ్మాయి?" అన్నాడు గంగాధర్.

"ఆ బాబాయి కూతురు, వీడియో తీసిన పిల్లండీ."

గంగాధర్ ఇంకో పునుగు అందుకున్నాడు. "షి ఈజ్ నాట్ ఎ క్యారెక్టర్ అమ్మా. కెమెరా పట్టుకుంది, దట్స్ ఆల్," అంది గీతాంజలి.

చిన్న మాటే. కూతురికి దురుద్దేశం ఏమీ లేదు. అయినా సూర్యకుమారికి లోపలెక్కడో కలుక్కుమంది. ప్రతి ఆదివారం కాకినాడలో ఉన్న ఆడపడుచుకి వీడియో కాల్. ఫోన్ పట్టుకునేది తనే. అత్తగారి మోకాలి వాపు, గీతూ కొత్తగా నేర్చుకున్న డాన్సు అడుగులు, గంగాధర్ పళ్లెంలో కూర, అన్నీ చూపిస్తుంది. "చెయ్యి కదపకు వదినా, అన్నయ్య మసకగా కనబడుతున్నాడు," అంటుంది ఆ మహాతల్లి. ఈ కాపురం వీడియోలన్నీ రేపెవరికైనా దొరికితే వాటిలో తనది గొంతొక్కటే ఉంటుంది, "ఇటు చూడండి, కాస్త నవ్వండి" అంటూ. ఆఫీసులోనూ అంతే. ఓడల డిజైనులో తనూ ఇంజనీరే గానీ, మీటింగులో ఎవరేమన్నారో రాసే పని తనకే. "నువ్వైతే నీట్‌గా రాస్తావ్," అంటాడు మేనేజరు. రాసే మనిషికి మాట్లాడే తీరికెక్కడిది? ఎవరైనా ఒక్కసారి తనవైపు తిరిగి చూడాలి. పొగడక్కర్లేదు, జాలిపడక్కర్లేదు, చూస్తే చాలు. ఈ ఆశ ఇంత పెద్దదై లోపల కూర్చుందని ఆమెకే తెలీదు ఇన్నాళ్లూ.

మర్నాడు మధ్యాహ్నం తిండి అయ్యాక అత్తగారు నడుం వాల్చింది. గంగాధర్ గదిలో ఫోన్ చూసుకుంటున్నాడు. ఊళ్లో మనవాళ్ల బజారు లిటిల్ ఇండియాకి వెళ్లి వారానికి సరిపడా కూరలు తేవాల్సిన వేళ. సూర్యకుమారి వెళ్లలేదు. సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని సినిమా మొదట్నుంచీ పెట్టింది.

నిన్న వీళ్లు తోసేసిన చోటు వచ్చింది. ఆ పిల్ల కెమెరాని పిట్టగోడ మీద పెట్టి, నడిచి దాని ముందుకొచ్చింది. అలసిన మొహం, చెదిరిన జుట్టు. చుట్టూ ఎవరూ లేరు. అన్నలిద్దరూ లోకంలో ఉన్నవన్నీ ముట్టుకుని లేపుతుంటే, ఈమె తన అరచెయ్యి తన గుండెలమీదే పెట్టుకుంది. మెల్లగా నేల వదిలి పైకి లేచింది. దేన్నీ విసరలేదు. గాల్లో నిలబడి తనలో తాను నవ్వుకుంది.

సూర్యకుమారి కళ్లు నిండిపోయాయి. వంతెనలు తనకెందుకు? జానెడెత్తు లేస్తే చాలు. అంత మాత్రం లేవాలని ప్రాణం కొట్టుకుపోయింది.

"ఈ సీన్ ఎప్పుడొచ్చింది? నిన్న మనం చూడలేదుగా, వీ నెవర్ సీ వాట్," అంటూ గీతాంజలి వచ్చి పక్కన కూర్చుంది.

"మీరు తోసేశారు."

గీతాంజలి తెరవైపు కాకుండా తల్లి మొహంలోకి చూసింది. చాలాసేపు అలాగే చూసింది. "అమ్మా, ఏడుస్తున్నావా?"

"అవును."

ఆ మాట అన్నాక గుండె కొంచెం తేలికపడింది. గీతాంజలి తల్లి చెయ్యి పట్టుకుంది.

"సూర్యా, టీ ఇంకా పెట్టలేదా?" గదిలోంచి గంగాధర్ అరిచాడు.

"ఈ పిల్ల కిందికి దిగాక పెడతానండీ," అంది సూర్యకుమారి. రిమోట్ అందుకుని, ఆ పిల్ల ఇంకా గాల్లో ఉండగానే సినిమాని ఆపేసింది.