గళ్లవైపు

పొద్దున్నే కమలాకుమారి చేసే మొదటి పని పాలు తోడుపెట్టడం. ఢిల్లీ చలిలో పెరుగు తోడుకోవడమంటే మాటలు కాదు. తెలుగువాళ్లు గిన్నెకి శాలువాలు చుడతారు, గోధుమపిండి డబ్బాలో దాస్తారు, అయినా తెల్లారేసరికి పాలు పాలలాగే వెక్కిరిస్తుంటాయి. కమలాకుమారికి ఆ బెంగ లేదు. గిన్నె తీసుకెళ్లి మంచం మీద కుడివైపు, భర్త రాధాకృష్ణమూర్తి పడుకునే చోట పెడుతుంది. ఆయన సెప్టెంబరులో ఆ మంచం మీదే, నిద్రలోనే పోయాడు. ఆయన పడుకున్న చోటు మాత్రం ఇంకా చల్లారలేదు.

ఢిల్లీ ద్వారకాలోని ఆ అపార్టుమెంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. పై అంతస్తులో ఉండే ఇషిత భటూరా పిండి కలుపుకుని, పులియడానికని తెస్తుంది. "ఆంటీ, అంకుల్ కే సైడ్ మే జగహ్ హై క్యా?" అని, అంకుల్ వైపు చోటుందేమో గుమ్మంలోంచే కనుక్కుంటుంది. కమలాకుమారి పెరుగు గిన్నె కాస్త జరుపుతుంది. పగలు అక్కడ గిన్నెలుంటాయి, రాత్రి ఆవిడ చెయ్యి ఉంటుంది. అరచెయ్యి ఆ చోట ఆనిస్తేనే ఆవిడకి నిద్ర. బతికున్నన్నాళ్లూ "బాబోయ్, నీ చేతులు ఐసుగడ్డలే" అని దూరం జరిగిన మనిషి, పోయాక ఎంతసేపు ఆనించినా ఊరుకుంటున్నాడు.

చలంతా కూతురు ప్రవల్లిక పాలైంది.

ఆయన పోయిన రోజు ప్రవల్లికకి సివిల్స్ మెయిన్స్ ఆఖరి పేపర్లు. ముందురోజే స్నేహితురాలి రూముకి వెళ్లి, అట్నుంచటే పరీక్షకి వెళ్లింది. కమలాకుమారి ఫోను చేతిలోకి తీసుకుంది, మళ్లీ పక్కన పెట్టేసింది. పరీక్ష అయ్యాకే చెబుదామంది. ఆయనున్నా అదే అనేవాడని వచ్చినవాళ్లందరితోనూ చెప్పింది. సాయంత్రం పిల్ల వచ్చేసరికి ఆయన ఐసు పెట్టెలో ఉన్నాడు. మూత తీయించి నాన్న చెయ్యి పట్టుకుంది. ఆ చల్లదనం ప్రవల్లిక కుడిచేతికి ఎక్కి, ఇక దిగలేదు.

"పొద్దున నువ్వు ముట్టుకున్నప్పుడు వెచ్చగానే ఉన్నాడా అమ్మా?" అని ఒకే ఒక్కసారి అడిగింది.

"ఉన్నారమ్మా."

"అచ్ఛా. నీకు వెచ్చటి నాన్న, నాకు చల్లటి నాన్న. ఠీక్ హై."

ఏడవలేదు, అరవలేదు. దినాలయ్యాక, పరీక్షలకి చదివే పిల్లలుండే కటవారియా సరాయ్‌లో రూము తీసుకుని వెళ్లిపోయింది. మెయిన్స్ పోయింది. డిసెంబరులో ఒకరోజు ఫోను చేసింది.

"ఈసారి రాయనమ్మా. పెన్ను పట్టుకుంటే జారిపోతోంది. రెండు స్వెట్టర్లేసుకున్నా, హీటరు పెట్టుకున్నా, చెయ్యి పనిచెయ్యట్లేదు."

ఫోను పెట్టేశాక కమలాకుమారి మంచం మీది గిన్నెలన్నీ దింపేసింది. ఆ చోట చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది. మనసంతా వద్దు వద్దంటూనే ఉంది. తర్వాత కత్తెర తెచ్చి పరుపు కోసింది. లోపలి దూది, అప్పుడే ఎండలోంచి తీసినట్టు వెచ్చగా ఉంది.

పిల్లకి పొడుగు చేతుల గౌను కుడదామని, ఎప్పుడో కొని దాచుకున్న ముదురాకుపచ్చ ఉన్ని గుడ్డ ఒక వైపుకి. రెండో వైపుకి ఆయన నీలంగళ్ల లుంగీ. దూదిని లుంగీ మీద పలచగా పరిచి, అమ్మ దగ్గర నేర్చిన బొంత కుట్టుతో దగ్గరదగ్గరగా పట్టి కుట్టింది. రెండు గౌన్లూ విడివిడిగా కుట్టి, ఒకదాన్ని ఇంకోదాంట్లో దూర్చి, అంచులు కలిపింది. కింద చెయ్యి పట్టేంత సందు వదిలి, అందులోంచి మొత్తం బయటికి లాగింది. బయటికెళ్తే పైకి ఆకుపచ్చ వైపు, ఇంట్లో ఉంటే పైకి గళ్లవైపు. వెచ్చదనం మాత్రం గళ్లవైపే ఉండిపోయింది. ఆయనకి ముందునుంచీ పట్టుదల ఎక్కువే.

సందు మూసే ముందు, మిగిలిన పిడికెడు దూది ఉంచుకుందామా అనుకుంది. పెరుగంతా వాడేసినా రేపటికి తోడుకని ఒక చెంచాడు మిగుల్చుకోని ఇల్లాలు ఉంటుందా? కానీ పిల్ల కుడిచెయ్యి గుర్తొచ్చి, ఆ పిడికెడూ గౌను కుడిచేతి మడతలో కూరేసింది.

కటవారియా సరాయ్‌లో ప్రవల్లిక రూము మూడో అంతస్తు. కమలాకుమారి రొప్పుతూ మెట్లెక్కి గౌను చేతిలో పెట్టింది.

"ఇదేంటమ్మా? ఇప్పుడెవరేసుకుంటారు ఇలాంటివి?"

"రెండు వైపులా వేసుకోవచ్చు. గళ్లవైపు లోపలికి పెట్టుకో."

తొడుక్కుంది. గళ్లు చూసింది, ముక్కుకి ఆనించుకుంది. కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, తెరిచి చూసుకుంది. అప్పుడు ఏడ్చింది, అన్ని నెలల ఏడుపూ కలిపి. ఏడుస్తూనే పెన్ను తీసి అరచేతి మీద తన పేరు రాసుకుంది. పెన్ను జారలేదు.

"చెప్పాల్సింది తల్లీ. ఆ పూటే చెప్పాల్సింది," అంది కమలాకుమారి.

ప్రవల్లిక చెప్పులేసుకుంది. బస్టాపుదాకా వచ్చి దిగబెట్టింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా, గౌనేసుకుని ఇంటికొచ్చింది. అన్నం తిందామని పెరుగు గిన్నె మూత తీస్తే పాలు. నిన్నటి గిన్నెలోనూ పాలే.

"తోడు పెట్టలేదా అమ్మా?"

"పెట్టాను. తోడుకోలేదు."

ప్రవల్లిక గదిలోకి వెళ్లింది. పరుపుకి కుడివైపు పెద్ద మాసిక ఉంది. దాని కింద దూది లేక గుంట పడింది. చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. కుట్టింది ఏ దూదితోనో అప్పుడు తెలిసింది.

"మొత్తం నాకే పెట్టేశావా? నీకేది?"

"నాకెందుకమ్మా. నేనేం పరీక్షలు రాయాలా?" అంది కమలాకుమారి.

చిన్నప్పుడు ప్రవల్లిక చీకటికి భయపడి "నాన్నా, తోడు రా" అంటే, ఆయన చెంచాడు పెరుగు పట్టుకుని "తోడు ఇదిగో" అంటూ వచ్చేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు.

ప్రవల్లిక గౌను విప్పి, తిరగేసి, గళ్లు పైకొచ్చేలా మళ్లీ వేసుకుంది. ఆకుపచ్చ వైపు ఒంటికి చల్లగా తగిలి వణికింది. వెళ్లి నాన్న చోట పడుకుని, పాల గిన్నె పొట్ట పక్కన పెట్టుకుంది.

"రా అమ్మా. తోడు ఇదిగో."

కమలాకుమారి పక్కన పడుకుని, గళ్ల మీద అరచెయ్యి ఆనించింది.

"బాబోయ్, నీ చేతులు ఐసుగడ్డలే," అంది కూతురు. అంది కానీ, దూరం జరగలేదు.

సాయంత్రానికి పెరుగు గట్టిగా తోడుకుంది. ప్రవల్లిక గౌను మళ్లీ తిరగేసుకుని చదువుకోవడానికి వెళ్లిపోయింది. ఆమె లేచిన చోటు కాసేపటికే చల్లారిపోయింది. అది ఆయన వెచ్చదనమే, కానీ ఇప్పుడు పిల్లతోపాటు తిరుగుతోంది. కమలాకుమారి ఆ రాత్రి ఖాళీ గుంటలో చెయ్యి పెట్టుకుని, తెల్లారేదాకా ఏడ్చింది.

ఆ ఇంట్లో ఇప్పుడు పెరుగు ఆదివారాలే తోడుకుంటుంది.