గీత పక్కన గుండు

మా అబ్బాయి గుణశేఖర్ ఫుట్‌బాల్ ఆడతాడు, ఎడమ వింగులో. నిరుడు వాడికి బంతి అందితే ఎదుటి డిఫెండరు వెనకడుగు వేసేవాడు. ఈ ఏడు వాడే బంతిని వెనక్కి తన్నేస్తున్నాడు. జిల్లా జట్టు ఎంపిక దగ్గరపడింది.

నేను పోర్టులో బొగ్గు యార్డులో పని చేస్తాను. ఆదివారాలు గాజువాక నుంచి బస్సెక్కి వాడి ఆటకు వెళ్తాను. నా భార్య నాగమణి బతికుండగా తను వెళ్లేది. పల్లీలు తింటూ కూర్చునేదట, నోరెత్తేది కాదట. నేనలా కాదు. గోడ నీడ పడే వైపు, గీత పక్కనే నిలబడి అరుస్తాను.

"ఎల్లరా! ముందుకెల్లు! కాళ్లు లేవేటి నీకు?"

ఫస్టాఫ్‌లో వాడు నా ముందున్న గీత వెంబడే పరుగెత్తాలి. ఆ సేపంతా ప్రాణం లేనట్టు ఆడేవాడు. తర్వాత జట్లు వైపులు మారతాయి, వాడు అవతలి గీత మీదికి పోతాడు. అక్కడ కాస్త కదిలేవాడు. ముందు నేను తిట్టబట్టే తర్వాత దారికొస్తున్నాడనుకున్నాను. ఇంకా తిట్టాను.

అదీ చాలక, వాడి ఆట వాడికి తిరిగొస్తే తలనీలాలిస్తానని సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నాను. ఆగలేక ముందే ఇచ్చేశాను. మర్నాడు ఆ గుండుతోనే గ్రౌండుకు వెళ్లాను.

ఆ రోజు వాడి ఆట మొదట్నుంచీ చివరిదాకా పాడైంది. అవతలి గీత మీద కూడా బంతి వాడి కాలి కిందనుంచి జారిపోయింది.

ఆటయ్యాక కోచ్ ఎల్లారావు నా దగ్గరికొచ్చాడు. నాగమణికి తమ్ముడి వరస.

"బావా, కోప్పడకు. ఆడు బంతిని సూడ్డం లేదు, నిన్ను సూత్తన్నాడు. ఇన్నాళ్లూ అవతలికెల్తే నీ బెడద తప్పీది, ఆడీవోడు. ఇప్పుడీ గుండొకటి, ఎక్కడున్నా మెరిసిపోతంది."

"ఆడి మంచికే గదా నాను అరుత్తన్నాను."

"మా నాగమణక్క ఎప్పుడైనా అరిసిందేటి?"

పక్కన బూట్లు విప్పుతున్న కుర్రాళ్లు తలలు దించుకున్నారు. ఈ సంగతి వాళ్లకు కొత్త కాదు. నాకొక్కడికే తెలియదు.

ఎంపిక ఆటకు రానని గుణతో చెప్పాను. "సరే నాన్నా" అన్నాడు. అంత వెంటనే అనకపోతే బాగుండేది.

ఇంట్లో ఉండలేకపోయాను. తలకు తువ్వాలు చుట్టుకుని గ్రౌండు గోడ బయట టీ బండి దగ్గర నిలబడ్డాను. ఏమీ కనిపించదు. కాసేపటికి లోపల జనం "గుణా! గుణా!" అని అరిచారు. గోడ అవతలే, నేనెప్పుడూ నిలబడే చోటు మీదుగా, వాడి బూట్లు దబదబమంటూ పోయాయి.

"ఎవులండీ ఆ గుణ? ఇరగదీత్తన్నాడు!" అన్నాడు టీ బండివాడు.

"నాకు తెల్దు" అన్నాను.

సాయంత్రం వాడు ఇంటికొచ్చాడు.

"తీసుకున్నారు నాన్నా."

"మంచిది."

"నువ్వు రాకపోడమే మంచిదయింది. ఎండ మండిపోయింది" అన్నాడు, వంగి సాక్సులు విప్పుకుంటూ.

పొద్దుట్నుంచీ మబ్బే.