సంతయ్యేక సూద్దాం

బొయిపరిగుడలో సంత రోజు విత్తనాల కొట్టులో ఊపిరాడదు. కుందుర నుంచి, లమ్తపుట్ కొండల నుంచి దిగిన రైతులు గడప దాకా నిలబడి ఉంటారు. అలాంటప్పుడు కంప్యూటరు తెర మీద ‘బ్రౌజర్ అప్‌డేట్ చేయండి’ అని వస్తే వ్యాపారి ఏం చేస్తాడు? మోహన్‌కృష్ణ అందరూ చేసేదే చేశాడు. "సంతయ్యేక సూద్దాం" అని దాన్ని పక్కకు నెట్టాడు. సంతయ్యాక అలసట. అలసట తీరేసరికి మళ్లీ సంత. వ్యాపారంలో వాయిదాకూ ఖరీదుంటుంది. దాన్ని ఒక్కోసారి మనల్ని నమ్మినవాళ్లు కట్టాల్సి వస్తుంది.

విత్తులు వేసే రోజులు దగ్గరపడ్డాయి. ఒక సంత పూట రైతుల ఫోన్లకు కొట్టు పేరుతోనే ఒక సందేశం వెళ్లింది: ‘వరి విత్తనం వచ్చింది. ఈ లింకు నొక్కి, పిన్ కొట్టి, మీ వాటా ఖాయం చేసుకోండి.’ మోహన్‌కృష్ణ అది పంపలేదు.

కంప్యూటర్లు బాగుచేసే చిన్మయ్ పక్కవీధి నుంచి వచ్చి చూశాడు.

"భావుజా, నిన్న ఏదో ధరల పేజీ తెరిచారు కదా?" అన్నాడు, మోహన్‌కృష్ణ భార్య రోజారమణిని వదిన వరసపెట్టి పిలుస్తూ. "పేజీ ఏం అందించినా బ్రౌజర్ పరీక్షించి తీసుకోవాలి. మీ పాతదానిలో ఆ పరీక్షే సరిగ్గా లేదు. మామూలు రాతలా కనిపించేదాంట్లో దొంగ ఆజ్ఞ పెట్టి పంపారు. ఇది నమ్మి చేసేసింది. మీ మెసేజీల ఖాతా వాళ్ల చేతికి పోయింది. ఆ లోపాన్ని సరిచేసేదే మీరు వద్దన్న అప్‌డేట్."

"అంటే, మొలక సూడకుండా విత్తనం దించుకున్నాం" అంది రోజారమణి.

మోహన్‌కృష్ణ గొంతు తగ్గించాడు. "బయటపెడితే కొట్టు పేరు పోద్ది. సంతయ్యేక ఒక్కొక్కరికీ సెబుదాం."

"సంతయ్యేసరికి ఆళ్ల ఖాతాలు ఖాళీ. విత్తనానికి దాసుకున్నదే పోతే పొలంలో ఏటి జల్లుతారు?" అంటూనే ఆమె బయటికి నడిచి, దోమతెరలమ్మే అతని మైకు అందుకుంది.

ఉల్లిపాయలు తెచ్చిన రైతు సూర్యావతి పకపకా నవ్వింది. "ఏటమ్మి, సరుకయిపోయి పాటలు పాడతావేటి?"

"పాట కాదప్పా, ఇనండి! మా కొట్టు పేరుతో వచ్చిన లింకు నొక్కకండి. మేం పంపలేదు. మా కంప్యూటర్లో దొంగ దూరేడు. తప్పు మాదే!"

అదే మాట కొండల మీది రైతులు మాట్లాడే దేశియాలోనూ చెప్పింది. ఆగకుండా చెబుతూనే ఉంది.

సూర్యావతి నవ్వు ఆగింది. ఒడిలోని ఫోను తీసి చూసుకుంది. "ఓలమ్మో! సగం పిన్ను కొట్టి, బేరమొచ్చిందని ఆపీసేను!"

కొందరు మొహం చిట్లించి ఎదుటి కొట్టుకు మళ్లారు. మోహన్‌కృష్ణ అది చూశాడు. చూసి కూడా నడిచి వచ్చి, గొంతు బొంగురుపోయిన భార్య చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"దాసమన్నది నేనే. నష్టం నా ఒక్కడిదే అయితే దాసుకుందును. ఇది మీ అందరిదీ. ఇలాంటిది దాస్తే ఆ దొంగకీ నాకూ తేడా లేదు."